వాచీని పక్కనపెట్టి ఆయాసంతో మీ హద్దులు తెలుసుకోవడం: ప్రతిజ్ఞ పరీక్ష నుంచి వారం లెక్క దాకా

పొద్దున్న ఐదున్నరకి బెజవాడలో ఏ కాలవ గట్టు మీదకి వెళ్లినా, ఏ గ్రౌండ్‌కి వెళ్లినా ఒకటే దృశ్యం. నాలుగడుగులు వెయ్యడం, మణికట్టు చూసుకోవడం. "జోన్ టూలో ఉన్నానా, త్రీలోకి పోయానా" అని టెన్షన్. ఇంతకీ ఆ జోన్లు, అంటే గుండె వేగాన్ని బట్టి వ్యాయామాన్ని విడగొట్టిన అంచెలు, ఎక్కడివి? మీరు ప్రత్యేకంగా ఏమీ సెట్ చెయ్యకపోతే చాలా వాచీలు మీ వయసుని బట్టి లెక్క కట్టేస్తాయి. 220లోంచి వయసు తీసెయ్, వచ్చింది గరిష్ఠ గుండె వేగం అనుకో, దాన్ని శాతాలుగా ముక్కలు చెయ్, అంతే. నలభై ఏళ్లుంటే 180 అన్నమాట. కానీ నిజంగా నలభై ఏళ్లవాళ్లని వరసగా నిలబెట్టి ఒంట్లో శక్తి అయిపోయేదాకా పరిగెత్తిస్తే, పది పన్నెండు అటూ ఇటూ ఉండటం మామూలే, కొందరికి ఇంకా ఎక్కువ తేడా ఉంటుంది. పునాదే అటూ ఇటూ అయినప్పుడు దాని మీద కట్టిన జోన్లు ఎంత కరెక్టో మీరే ఆలోచించండి.

పోనీ గరిష్ఠం సరిగ్గానే దొరికింది అనుకుందాం. అప్పుడైనా ఒకరి హద్దు, అంటే తేలిగ్గా చేస్తున్న పని గట్టిపడే చోటు, అందులో 70 శాతం దగ్గర ఉండొచ్చు, బాగా సాధన ఉన్న ఇంకొకరిది 80 దగ్గర ఉండొచ్చు. ఈ హద్దుల్నే జిమ్ముల్లో, రన్నింగ్ గ్రూపుల్లో థ్రెషోల్డ్ అంటారు. ల్యాబులో అయితే వేలు గుచ్చి రక్తంలో లాక్టేట్ (కండరాలు శక్తి తయారుచేసుకునేటప్పుడు పుట్టే పదార్థం) చూస్తారు, లేదా మొహానికి మాస్కు పెట్టి ఊపిరిని కొలుస్తారు. మనకి అంత హంగామా అక్కర్లేదు. మీ ఆయాసాన్ని మీరే నిజాయితీగా ఒక అంకెలో చెప్పుకోగలిగితే, దానికి తోడు నోరు తెరిచి నాలుగు మాటలు మాట్లాడి చూసుకుంటే, రోజువారీ వ్యాయామానికి సరిపడా దగ్గరగా హద్దులు దొరుకుతాయి. ఎలాగో వివరంగా చెబుతాను.

ముందు ఒక హెచ్చరిక, దీన్ని దాటెయ్యకండి. నలభై దాటి, బీపీయో షుగరో ఉండి, ఇన్నాళ్లూ పెద్దగా కదలనివాళ్లు గట్టి పరీక్షల జోలికి వెళ్లేముందు డాక్టర్‌ని కలవండి. గుండె జబ్బు ఉన్నవాళ్లకైతే వయసుతో పని లేదు, ఎవరైనా అడగాల్సిందే. మధ్యలో ఛాతీలో పట్టేసినట్టున్నా, నొప్పి దవడకో చేతికో పాకినా, కళ్లు తిరిగినా అక్కడికక్కడ ఆపెయ్యాలి. తగ్గకపోతే ఇంటికి కాదు, నేరుగా ఆసుపత్రికి.

మనం వెతికే రెండు హద్దులు

ఒంట్లో లాక్టేట్ ఊరికే కూర్చున్నా తయారవుతూనే ఉంటుంది, ఖర్చవుతూనే ఉంటుంది. విశ్రాంతిలో రక్తంలో లీటరుకి సుమారు 1 మిల్లీమోల్ ఉంటుంది. మెల్లగా వేగం పెంచుకుంటూ పోతే ఒక చోట అది ఆ మట్టం నుంచి లేవడం మొదలెడుతుంది. అదే మొదటి హద్దు. దానికి కిందున్నంతసేపూ గంటల తరబడి నడవొచ్చు, కబుర్లు చెప్పుకోవచ్చు. ఇంకా పెంచితే ఇంకో చోట తయారయ్యే లాక్టేట్‌కీ ఖర్చయ్యే లాక్టేట్‌కీ లెక్క తప్పుతుంది, వేగం పెంచకపోయినా అది పేరుకుంటూనే పోతుంది. అది రెండో హద్దు. పుస్తకాల్లో మొదటిదానికి 2, రెండోదానికి 4 మిల్లీమోల్ అని రాస్తారు గానీ అవి సగటు అంకెలు, మనిషి మనిషికీ మారతాయి.

ఈ రెండు చోట్లా ఊపిరి మారుతుంది, మన పద్ధతి మొత్తం దాని మీదే ఆధారపడి ఉంది. మొదటి హద్దు దగ్గర శ్వాస లోతుగా, కాస్త బరువుగా అవుతుంది. రెండో హద్దు దాటాక ఒంట్లో పెరిగే ఆమ్లాన్నీ, కార్బన్ డయాక్సైడ్‌నీ బయటికి తోసెయ్యడానికి రొప్పు మొదలవుతుంది. మాట్లాడటానికి గాలిని దాచుకోవాలి, ఒళ్లేమో గాలిని తోసెయ్యమంటుంది. ఈ రెండూ ఒకేసారి కుదరవు కాబట్టే మాట పరీక్ష పనిచేస్తుంది. అన్నట్టు, మర్నాడు పిక్కలు పట్టేస్తే "లాక్టిక్ యాసిడ్ చేరింది" అంటారే, అది నిజం కాదు. వ్యాయామం ఆపిన గంటా రెండు గంటల్లో లాక్టేట్ మామూలు మట్టానికి వచ్చేస్తుంది. ఆ నొప్పి కండరాల్లో జరిగిన చిన్న చిన్న చిరుగులది.

మొదటి పని: అంకెలు నేర్చుకోవడం

ఆయాసాన్ని అంకెల్లో చెప్పించడం 1960ల్లో స్వీడన్ మనస్తత్వ శాస్త్రవేత్త గున్నార్ బోర్గ్ మొదలెట్టిన పని. ఆయన మొదటి కొలబద్ద 6 నుంచి 20 దాకా ఉంటుంది. ఈ విడ్డూరమైన అంకెలేంటి అంటే, పదితో గుణిస్తే ఆరోగ్యంగా ఉన్న కుర్రవాళ్ల గుండె వేగానికి దగ్గరగా వస్తుందని. తర్వాత ఆయనే 0 నుంచి 10 దాకా ఇంకోటి తయారుచేశాడు. మనకి పరీక్ష మార్కుల్లా పదికి ఎంత అని చెప్పడం అలవాటు కాబట్టి దాన్నే తీసుకుందాం.

0 అంటే కుర్చీలో కూర్చున్నారు. 1 అంటే ఇంట్లో అటూ ఇటూ తిరుగుతున్నారు. 2 అంటే తొందరేమీ లేకుండా రైతుబజారుకి నడుస్తున్నారు. 3 దగ్గర ఒళ్లు వెచ్చబడుతుంది, చెమట మొదలవుతుంది, వ్యాయామం చేస్తున్నామని తెలుస్తుంది. 5 గట్టి పనే, చెయ్యగలం గానీ సరదాగా ఉండదు. 7 చాలా గట్టిది, "ఇంకెంతసేపు" అన్న ఆలోచన తప్ప బుర్రలో ఇంకోటి ఉండదు. 10 అంటే జీవితంలో ఎప్పుడో ఒకసారి మీరు పడ్డ అతి పెద్ద ఆయాసం. నెహ్రూ బస్టాండులో కదిలిపోయిన బస్సు కోసం రెండు చేతుల్లో బ్యాగులతో పరిగెత్తి ఎక్కాక ఐదు నిమిషాలు మాట రాలేదా? అదే మీ పది. ఈ పైచివర ఏమిటో ముందే ఖాయం చేసుకోకపోతే మిగతా అంకెలకి అర్థం ఉండదు. కాలేజీ రోజుల తర్వాత ఎప్పుడూ పరిగెత్తనివాళ్లు మామూలు జాగింగ్‌కే 9 అనేస్తారు, మగపిల్లలు పక్కన ఎవరైనా ఉంటే 8ని 5 అంటారు.

ఓ రెండు వారాలు ఏ పరీక్షా పెట్టుకోకుండా, నడిచేటప్పుడు పది నిమిషాలకోసారి మనసులో ఒక అంకె అనుకోండి. వాచీ చూశాక కాదు, చూడకముందు. ఊపిరికి ఎంత, కాళ్లకి ఎంత అని విడిగా కూడా అనుకోండి, ఎందుకంటే గుణదల కొండ మెట్లెక్కేటప్పుడు తొడలు 7 అంటుంటే ఊపిరి 4 దగ్గరే ఉండొచ్చు. హద్దుల విషయంలో మనం నమ్మాల్సింది ఊపిరి అంకెనే.

రెండో పని: ప్రతిజ్ఞతో మొదటి హద్దు

అమెరికాలో కార్ల్ ఫోస్టర్ అనే పరిశోధకుడి బృందం మాట పరీక్ష చేసినప్పుడు అక్కడి బడిపిల్లలు రోజూ చెప్పే ప్రతిజ్ఞనే చదివించారు, అందరికీ నోటికి వచ్చు కాబట్టి. మనకీ అలాంటిదే ఉంది, పైగా అది పుట్టిందే తెలుగులో. 1962లో పైడిమర్రి వెంకట సుబ్బారావు గారు రాసిన "భారతదేశం నా మాతృభూమి". బడి ప్రార్థనలో చెయ్యి చాపి చెప్పినవాళ్లెవరూ దాన్ని మర్చిపోరు. ఎక్కాలు చెప్పుకున్నా, అశ్విని భరణి అంటూ నక్షత్రాల పేర్లు చెప్పుకున్నా పనికొస్తుంది గానీ, ప్రతిసారీ అదే వాడాలి.

చదునైన చోటు కావాలి, మధ్యలో ఆగాల్సిన పని ఉండకూడదు. 400 మీటర్ల ట్రాక్ దొరికితే అంతకన్నా ఏం కావాలి. ప్రకాశం బ్యారేజీ కిలోమీటరు పైచిలుకు పొడవుంటుంది కదా అని దానిమీద పెట్టుకోకండి. బళ్లు, గాలి, సెల్ఫీలు దిగేవాళ్లు, వేగం నిలవదు. తెల్లవారుజామున, ముందురోజు రాత్రి బిర్యానీ లాగించకుండా, సరిపడా నిద్రపోయి రండి. పది నిమిషాలు మెల్లగా నడిచి ఒళ్లు వెచ్చబరచుకోండి.

ఇప్పుడు ఒక్కో చుట్టు ఒక్కో మెట్టు. నడిచేవాళ్లు మొదటి చుట్టు 4 నిమిషాల 48 సెకన్లలో పూర్తి చేస్తే గంటకి 5 కిలోమీటర్ల వేగం అన్నట్టు. 4 నిమిషాలకి వస్తే గంటకి 6, 3 నిమిషాల 26 సెకన్లకి వస్తే 7. ప్రతి చుట్టుకీ ఒక పదిహేను, ఇరవై సెకన్లు తగ్గించుకుంటూ వెళ్లండి. పరిగెత్తేవాళ్లకి ఒక చుట్టు చాలదు. ఊపిరి ఆ వేగానికి సర్దుకోవడానికి మూడు నాలుగు నిమిషాలు పడుతుంది కాబట్టి రెండేసి చుట్లు ఒక మెట్టుగా పెట్టుకుని, 3 నిమిషాల చుట్టుతో (గంటకి 8 కిలోమీటర్లు) మొదలుపెట్టి, ఒక్కో మెట్టుకీ చుట్టు మీద పదేసి సెకన్లు తగ్గించండి. ట్రెడ్‌మిల్ మీదయితే నాలుగేసి నిమిషాలకి వేగాన్ని గంటకి అర కిలోమీటరు చొప్పున పెంచితే సరి.

ప్రతి మెట్టులో చివరి అర నిమిషం, వేగం తగ్గించకుండా, పక్కనున్న మనిషికి వినపడేంత గొంతుతో ప్రతిజ్ఞ మొదలెట్టండి. ఎవరన్నా చూస్తారని మొహమాటమైతే ఫోను చెవి దగ్గర పెట్టుకోండి, ఎవరూ పట్టించుకోరు. చెప్పడం అయ్యాక ఒకటే ప్రశ్న: హాయిగా మాట్లాడగలిగానా? జవాబు మూడు రకాలుగానే ఉంటుంది. "ఆఁ", "మాట్లాడాను గానీ...", "లేదు".

మొదటి రెండు మూడు మెట్లలో "భారతదేశం నా మాతృభూమి, భారతీయులందరూ నా సహోదరులు" అన్నంతా ఒక్క గుక్కలో వచ్చేస్తుంది. తర్వాత ఏదో ఒక మెట్టులో "మాతృభూమి" దగ్గర మీకు తెలియకుండానే చిన్న ఊపిరి దొంగిలిస్తారు, "సహోదరులు" చివర గొంతు కొంచెం పలచబడుతుంది. మాట వచ్చింది, కానీ హాయిగా రాలేదు. ఆ "గానీ" మొదటిసారి వచ్చిన మెట్టు మీ మొదటి హద్దు దగ్గరిది, దాని కిందిమెట్టు మీరు ధైర్యంగా గంటసేపు చెయ్యగలిగిన వేగం. ఆ మెట్టు చుట్టు సమయం, మీరనుకున్న అంకె, వాచీ ఉంటే గుండె వేగం, మూడూ రాసుకోండి. ఎక్కువమందికి అంకె 3, 4 మధ్యలో పడుతుంది. మీకు 2 వచ్చినా, 5 వచ్చినా దాన్ని సరిదిద్దకండి, అది మీ కొలబద్ద. రేపటి నుంచి ఆ అంకే మీకు గుర్తు.

ఇంకా పెంచుకుంటూ పోతే ఒక చోట "భారతదేశం" - ఊపిరి - "నా మాతృభూమి" - ఊపిరి - అంటూ ముక్కలు ముక్కలుగా వస్తుంది, చెప్పడమే చిరాకనిపిస్తుంది. "లేదు" అన్న జవాబు వచ్చిందంటే రెండో హద్దు దరిదాపుల్లో ఉన్నారు లేదా అప్పుడే దాటారు. అక్కడితో ఆ రోజు పరీక్ష ఆపెయ్యండి.

మూడో పని: రెండో హద్దు, అంకె నిలబడుతుందా లేదా

రెండో హద్దుని మాటతో మాత్రమే తేల్చుకోవడం నాకు నచ్చదు, ఎందుకంటే అక్కడ రెండు మెట్ల తేడా ఊరికే వచ్చేస్తుంది. సాధన బాగా ఉన్న రన్నర్లు చేసే పద్ధతి ఒకటుంది. ఒంటరిగా ముప్పై నిమిషాలు పోటీలో లాగా పరిగెత్తి, చివరి ఇరవై నిమిషాల సగటు గుండె వేగాన్ని రెండో హద్దుగా తీసుకుంటారు. బాగానే పనిచేస్తుంది. కానీ వేగం పంచుకోవడం రానివాళ్లు మొదటి ఐదు నిమిషాల్లోనే దూకేసి తర్వాత ఈడుస్తారు, అప్పుడొచ్చిన అంకె దేనికీ పనికిరాదు. మామూలు మనుషులకి నేను చెప్పేది ఇది.

మాట పరీక్ష జరిగిన మూడు నాలుగు రోజుల తర్వాత, ఒళ్లు తేలిగ్గా ఉన్న రోజు, ఎనిమిదేసి నిమిషాల చొప్పున మూడుసార్లు పరిగెత్తండి (నడిచేవాళ్లయితే వేగంగా నడవండి), మధ్యలో రెండేసి నిమిషాలు మెల్లగా నడక. మొదటిసారి "లేదు" వచ్చిన మెట్టుకి ఒక మెట్టు కిందున్న వేగం పెట్టుకోండి. ఆ వేగాన్ని మార్చొద్దు. రెండో నిమిషంలో ఒక అంకె, ఎనిమిదో నిమిషంలో ఒక అంకె అనుకోండి. 6తో మొదలై 6 దగ్గరో, మహా అయితే 7 దగ్గరో ఆగితే మీరు రెండో హద్దు మీదో, దానికి కొంచెం కిందో ఉన్నారు. మొదటిసారే 6 కాస్తా 8 అయి, రెండోసారి 9కి ఎగబాకితే, మీ వేగం మారకపోయినా ఒంట్లో లెక్క మారిపోతోందన్నమాట, అంటే హద్దు దాటేశారు. మూడోసారి అక్కర్లేదు. తర్వాతి వారం చుట్టుకి ఐదు సెకన్లు నెమ్మదిగా మళ్లీ చూడండి.

హద్దుని పట్టిచ్చేది ఒకానొక క్షణంలో పలికిన అంకె కన్నా, అదే వేగంలో ఆ అంకె ఎక్కుతూ పోతోందా, నిలబడుతోందా అన్న సంగతే. ఒకరి 6, ఇంకొకరి 7 ఒకటే కావొచ్చు. కానీ 6 కాస్తా ఎనిమిది నిమిషాల్లో 9 అవడం ఎవరికైనా ఒకటే చెబుతుంది. వాచీలో గుండె వేగం చూసి ఇది తెలుసుకోవడం కష్టం, అది హద్దుకి కిందున్నా వేడికి ఎలాగూ పెరుగుతుంది.

బెజవాడ ఎండ, బీపీ మాత్ర, కాఫీ

ఊరికి ఊరికే బ్లేజ్‌వాడ అని పేరు పడలేదు. మే నెలలో పొద్దున్న ఆరింటికే ఒళ్లు తడిసిపోతుంది, పక్కన కృష్ణ ఉండటంతో గాలిలో తేమ, చెమట ఆరదు. చెమట ఆరితేనే ఒళ్లు చల్లబడేది. ఆరకపోతే గుండె చర్మానికి రక్తం పంపే పనీ, కండరాలకి పంపే పనీ రెండూ చెయ్యాలి. అందుకే జనవరిలో 140తో చేసిన నడకకి మేలో 155 చూపిస్తుంది. వాచీ ప్రకారం వెళ్తే మీరు హద్దు దాటారు, వేగం ప్రకారం వెళ్తే దాటలేదు. అప్పుడు ఎవరి మాట వినాలి? ఊపిరి మాట. ఎండాకాలం వేగాన్ని మర్చిపోయి అంకెని పట్టుకోండి, 3 దాటకూడదనుకున్న రోజు చుట్టుకి ఇరవై సెకన్లు నెమ్మదైనా సరే 3 దగ్గరే ఉండండి. పరీక్షలు మాత్రం నవంబరు నుంచి ఫిబ్రవరి లోపల పెట్టుకుంటే ఒకదానితో ఒకటి పోల్చుకోవచ్చు.

మాత్రల సంగతి ఇంకా ముఖ్యం. మా వాకింగ్ గ్రూపులో ఒక బాబాయ్ గారున్నారు. కుర్రాళ్లందరికీ 130, 140 చూపిస్తుంటే ఆయన వాచీ 105 దాటదు. "నా గుండె పాతికేళ్ల గుండెరా అబ్బాయ్" అని మురిసిపోయేవారు. "ఏదీ బాబాయ్, ప్రతిజ్ఞ చెప్పండి ఒకసారి" అన్నాను. "భారతదేశం నా..." అని ఆగి, "ఉండరా, గుక్క తిప్పుకోనీ" అన్నారు. బీపీకి వాడే మెటోప్రొలోల్, అటెనొలోల్ లాంటి మాత్రలు గుండె వేగాన్ని పెరగనివ్వవు, అది వాటి పని. అవి వేసుకునేవాళ్లకి వయసు లెక్కతో కట్టిన జోన్లు పూర్తిగా తప్పుతాయి, ఆయాసం అంకే దారి చూపిస్తుంది. మాత్ర మానేసి చూద్దాం అని మాత్రం ఎప్పుడూ అనుకోకండి.

అంకె కూడా మోసం చేస్తుంది, ఎప్పుడు చేస్తుందో తెలుసుకుని ఉండాలి. స్ట్రాంగ్ కాఫీ తాగితే అదే పని కొంచెం తేలిగ్గా అనిపిస్తుంది. చెవుల్లో హుషారైన పాట ఉంటే 4 కాస్తా 3లా ఉంటుంది, కానీ బాగా గట్టిగా చేసేటప్పుడు పాట అంతగా పనిచెయ్యదు. బుర్ర అలిసిపోతే ఒళ్లు అలిసిపోకపోయినా అంకె పెరుగుతుంది. 2009లో శామ్యూల్ మార్కోరా బృందం కొందరికి తొంభై నిమిషాలు బుర్రకి మేత పెట్టి తర్వాత సైకిలు తొక్కించింది. గుండె, ఊపిరితిత్తుల్లో ఏ తేడా లేకపోయినా వాళ్లు మామూలుకంటే ముందే చేతులెత్తేశారు. జీఎస్టీ రిటర్నులు నింపిన సాయంత్రం హద్దులు పరీక్షించుకోకండి. పరీక్ష రోజు పాటలు వద్దు, కాఫీ తాగే అలవాటుంటే ప్రతి పరీక్షకీ అదే కప్పు, అదే టైము.

ఇంకొకటి, నడకలో దొరికిన హద్దు సైకిలుకి పనికిరాదు. సైకిలు మీద ఊపిరి కంటే ముందు తొడలు అలుస్తాయి, కాబట్టి కరకట్ట రోడ్డు మీద తొక్కేవాళ్లు ఈ మెట్ల పరీక్షని సైకిలు మీదే మళ్లీ చేసుకోవాలి.

దొరికిన అంకెలతో ఏం చెయ్యాలి

వారంలో ఎక్కువ రోజులు మొదటి హద్దు కిందే ఉండండి. చాలామంది చేసేది దీనికి తలకిందులు. రోజూ మధ్యలో, 5 దగ్గర, తేలికా కాదు గట్టీ కాదు అన్నట్టు నడుస్తారు. ఒళ్లు కోలుకోదు, గట్టిగా చెయ్యాల్సిన రోజు శక్తి ఉండదు. పోటీలకి వెళ్లే దూరపు పరుగువాళ్ల సాధనని గమనించిన స్టీఫెన్ సైలర్ అనే పరిశోధకుడు, వాళ్లు దాదాపు నూటికి ఎనభై వంతులు తేలిగ్గానే చేస్తున్నారని చూపించాడు. మీరు వారానికి ఐదు రోజులు నడిచినా, పరిగెత్తినా, ఒక రోజు రెండో హద్దు దగ్గర ఆ ఎనిమిది నిమిషాల ముక్కలు చాలు. మిగతా నాలుగు రోజులూ ప్రతిజ్ఞ ఒక్క గుక్కలో రావాలి.

రోజు లెక్క రాయడం సులువు. వ్యాయామం అయిన అరగంట తర్వాత, టిఫిన్ టైముకి, మొత్తం మీద ఇవాళ ఎంత కష్టమైంది అని ఒక అంకె వేసి నిమిషాలతో గుణించండి. నలభై నిమిషాల నడకకి 3 అయితే 120. ముప్పై ఐదు నిమిషాల గట్టి రోజుకి 7 అయితే 245. ఆపిన వెంటనే వెయ్యొద్దు, చివరి ఐదు నిమిషాల రొప్పే మీ చేత అంకె వేయించేస్తుంది. వారం మొత్తం కూడుకోండి, పోయిన వారం కంటే ఒక్కసారిగా ఎగరకుండా చూసుకోండి.

ఆరు నుంచి ఎనిమిది వారాలకోసారి మెట్ల పరీక్ష మళ్లీ పెట్టుకోండి. "గానీ" అన్న జవాబు పాత మెట్టు కంటే ఒక మెట్టు పైన వస్తే హద్దు పెరిగినట్టే, తేలిక రోజుల వేగం కొద్దిగా పెంచుకోవచ్చు. మధ్యలో ఎప్పుడైనా రోజూ 3 అనిపించే వేగం 5 అనిపించి, ఎండా, ఉక్కా ఏమీ లేకపోయినా రెండు మూడు రోజులు అలాగే ఉంటే, నిద్ర చాలట్లేదో, జ్వరం రాబోతోందో చూసుకోండి. ఆ వారం గట్టి రోజు ఎత్తేసి నడక ఒక్కటే చెయ్యండి. పది రోజులైనా తగ్గకపోతే, పోనీ మెట్లెక్కితేనే ఆయాసం వస్తుంటే, అది సాధనకి సంబంధించిన విషయం కాదు, డాక్టర్ దగ్గరికి ఆ నోటుబుక్కుతో సహా వెళ్లండి.